మూడో వరుస ఖాళీ

తూర్పు దిక్కు మొఖం పెట్టి పీట మీద కూసున్న ఆడిబిడ్డ ఒడి నిండేదాకా లేవొద్దు. అది అమ్మల కాలం నుంచి వస్తున్న ఒడిబియ్యం పద్ధతి, పుట్టినింటోళ్లు తమ ఆడిబిడ్డకు పోసేది. అందుకే నాగరాణి లేవలేదు, లేవాలని కాళ్లు గుంజుతున్నా లేవలేదు. జహీరాబాద్ స్టేషన్ వెనక సందుల అన్న రామచందర్ ఇల్లు, నడిమింట్ల పరిచిన దుప్పటి, దుప్పటి మీద పీట, పీట మీద ఆమె. రెండు చేతుల్ల పట్టుకున్న కొత్త చీర కొంగుల ఇప్పటికి ఒక్క ముత్తైదువ పోసిన ఐదు దోసిళ్ల పసుపు బియ్యం. ఇంకా నలుగురు పొయ్యాలె. కుడి తొడ పక్కన, దుప్పటి మడత కింద సగం దాసిపెట్టిన పాత ఫోన్. ఆ ఫోన్ల రెండు వరుసలు నిండి ఉన్నయి, మూడో వరుస ఖాళీగ ఉన్నది. పొద్దుగాల ఏడూ నలభై నుంచి ఖాళీగనే ఉన్నది. ఇప్పుడు పదకొండున్నర.

ఆ ఫోన్ బిడ్డది. వర్షిత మొదటి జీతంతోని కొత్తది కొనుక్కొని, పాతది తల్లి చేతుల పెట్టి మళ్లా హైదరాబాద్ పోయింది. పోయే ముందర ఫొటోలు తుడిచింది, మెసేజ్‌లు తుడిచింది, ఒక్క ఆట తుడవడం మరిచింది. పెద్ద ఆటేం కాదు. రోజుకొక ఇంగ్లీష్ మాట దాసిపెడ్తరు, చేతికి ఐదు వేళ్లున్నట్టు ఐదు అక్షరాల మాట, నాలుగుండొద్దు, ఆరుండొద్దు. మనం ఏదో ఒక మాట కొట్టి చూడాలె. కొట్టిన అక్షరం దాసిన మాటల అదే జాగల ఉంటే గడి ఆకుపచ్చగ అయితది, ఉండి వేరే జాగల ఉంటే పసుపుపచ్చ, అసలే లేకుంటే బూడిద రంగు. ఆరు వరుసలు, ఆరుసార్లు అడగొచ్చు, అంతే. ఆట బిడ్డ పేరు మీదున్నది కాబట్టి అక్కడ వర్షిత తన ఫోన్ల ఒక వరుస నింపితే ఇక్కడ పాత ఫోన్ల గూడ అది దానంతట అదే నిండుతది. బిడ్డ పోయిన నాలుగో రోజు ఏదో ఒత్తబోయి ఏదో ఒత్తితే ఈ గడులు తెరుచుకున్నయి, చూస్తుండంగనే ఒక్కొక్క అక్షరం తిరగబడుకుంట రంగు మారింది. నాగరాణి భయపడి ఫోన్‌ను కందిపప్పు డబ్బా మీద పారేసింది. తర్వాత సమజైంది. అది బిడ్డ చెయ్యి. ఏడున్నరకు ఆఫీసు బస్సుల కిటికీ పక్కన కూసోని నా బిడ్డ ఆడుతున్నది, బిడ్డకు కండ్లు తెరుచుకునే ఉన్నయి, వేళ్లు ఆడుతున్నయి, ఊపిరి ఆడుతున్నది.

అప్పటి సంది ఏడున్నరకు పొయ్యి మీద ఏమున్నా దించుడే. మొగడు సుదర్శన్ కరెంటు మోటార్లకు వైండింగ్ చేస్తడు, ఆయన చాయ్ చాయ్ అని మొత్తుకున్నా వినేది లేదు. వరుస నిండేదాకా చూస్తది, గోడకున్న క్యాలెండర్ల ఆ తారీఖు గడిల పెన్సిల్‌తోని ఆ మాట రాసుకుంటది, అప్పుడు చాయ్ పోస్తది. ఎనిమిదో తరగతి వరకు కోహీర్ల తెలుగు మీడియం చదివిన మనిషి, ఆమెకొచ్చిన ఇంగ్లీష్ సబ్బు కాగితాల మీదిది, బస్సు బోర్డుల మీదిది. అయినా బిడ్డ కొట్టిన మాటలన్నిటికీ అర్థాలు కనుక్కునేది, ఎందుకంటే ఆమె లెక్కల అవి మాటలు కావు, బిడ్డ కాడి నుంచి వచ్చే ఖబర్లు. ఒకనాడు బిడ్డ టైర్డ్ అని కొట్టింది. టైర్డ్ అంటే అలిసిపోవుడు, ఎందుకు అలిసిపోయింది, తింటలేదా, రక్తం తక్కువైందా. ఇంకోనాడు అలోన్ అని కొట్టింది, ఒంటరి అని అర్థం, ఆనాడు రెండు పూటలు ముద్ద దిగలేదు. బ్లడ్ అని కొట్టిన రోజైతే శనివారం కాకున్నా ఒక్కపొద్దు పట్టింది. అక్షరాల కోసం కొడ్తరు గని అర్థాల కోసం కాదని ఆమెకు తెలుసు. తెలుసు గని, అన్ని మాటలున్నంక ఆ మాటే ఎందుకు మతికొచ్చింది? మనిషికి లోపలున్నదే కదా చేతికొచ్చేది.

ఈ రోజు మొదటి వరుస హౌస్. అది రోజూ ఉండేదే, వర్షిత ఎప్పుడూ హౌస్‌తోనే మొదలుపెడ్తది, ఆ మాటను చూస్తే తల్లి పానం జర నిమ్మలమైతది. హెచ్, ఎస్, ఈ బూడిదైనయి. రెండోది ఓ, మూడోది యూ, ఆకుపచ్చగ అయినయి. రెండో వరుస కౌంట్. ఓ, యూ, వాటి పక్కన ఎన్, మూడు పచ్చగ, మొదటి సీ, చివరి టీ బూడిద. నడిమి మూడు గడులు దొరికినయి, ఇంక అటొకటి ఇటొకటి దొరకాలె. ఇంత మంచిగ పోతున్న ఆట అక్కడ ఆగింది. ఎప్పుడూ ఆగని ఆట. మూడు వందల నలభై ఒక్క రోజులు ఒక్కరోజు తప్పకుండ ఆడిందని పైన అంకె ఉంటది, జ్వరమొచ్చిన నాడు గూడ ఆడింది. ఏడూ నలభైకి బస్సుల ఏమైంది? కౌంట్ అంటే లెక్కపెట్టుడు. ఏం లెక్కపెడ్తున్నది నా బిడ్డ? బస్సు సడెన్‌గ బ్రేక్ కొట్టిందా, ఫోన్ చేతులకెల్లి ఎగిరిపోయిందా, ఫోన్ ఎగిరితే పోనీ, మనిషి ఎగిరిందా? లేకుంటే బస్సు దొరకక ఎవని బండి మీదనో పోయిందా? ఆ హాస్టల్ బాత్రూంల గీజరు గ్యాసుదని చెప్పింది, తలుపేసుకుంటే గాలి ఉండదు. కాదు కాదు, స్నానం అంతకుముందే అయి ఉంటది. అయి ఉంటదా?

"నాగరాణీ, కొంగు సక్కగ పట్టు, బియ్యం అటు జారుతున్నయి" అన్నది వదిన భాగీరథి. "మనసెక్కడున్నదే నీకు?"

"ఈన్నే ఉన్న వదినా."

"ఈన్న ఉంటే తొడ కిందకెందుకు చూస్తున్నవ్? ఎవలన్న ఉన్నరా కింద?"

ఆడోళ్లందరు నవ్విన్రు. మొగుడంపల్లి నుంచి వచ్చిన నారమ్మ అందర్ల పెద్దామె, ఆఖరుకు తానే పోస్తనని గోడకు ఒరిగి కూసున్నది. "ఫోన్లే ఉంటది లోకమంత" అన్నది. "మా కాలంల ఒడి పట్టుకోని కన్న అవ్వను తలుచుకోని ఏడ్చేటోళ్లం. ఇప్పుడు ఫోన్ తలుచుకోని నవ్వుతున్రు."

"నవ్వితే మంచిదే పెద్దమ్మా, ఈమె నవ్వుతలేదు గదా" అన్నది భాగీరథి. రెండో ముత్తైదువ, పక్కింటి కోడలు, వచ్చి మోకాళ్ల మీద కూసున్నది. దోసిట్ల బియ్యం తీసి నాగరాణి మోకాళ్లకు ఆనించి, భుజాలకు ఆనించి, తలకు ఆనించి ఒడిల పోసింది. బియ్యంల పసుపు కొమ్ములు, వక్కలు, ఖర్జూరాలు, రెండు ఎండుకొబ్బరి కుడుకలు. ఒకటి. మళ్లా మోకాళ్లు, భుజాలు, తల. రెండు. తలకు ఆనినప్పుడల్లా కండ్లు మూసుకోవాలె, కండ్లు మూసుకున్నప్పుడల్లా మూడో వరుస కనవడ్తది, తెల్లగ, ఐదు ఖాళీ గడులు, దవాఖానల వరుసగ వేసిన ఐదు మంచాల లెక్క.

ఒక్క ఫోన్ కొడ్తే అయిపోతది కదా అని ఎవలన్న అనొచ్చు. కొట్టొద్దు. ఒట్టు పెట్టింది. రెండు నెలల కింద ఒకనాడు మధ్యాహ్నం బిడ్డ ఫోన్ నాలుగు గంటలు కలువలేదు, నాగరాణి ఆగలేకపోయింది, అన్నను పంపింది. రామచందర్ హైదరాబాద్ పోయి ఆ అద్దాల ఆఫీసు కాడ నిలబడితే లోపలికి ఇడవలేదు. ఇడవకపోతే ఏం చేస్తడు పాపం, చెల్లె ఏడుపు చెవుల్ల మోగుతున్నది, నోటికొచ్చింది అనేసిండు, పిల్ల తల్లి చావుబతుకుల్ల ఉన్నదని. వర్షిత తొమ్మిది అంతస్తుల మీదకెల్లి ఉరికొచ్చింది. లిఫ్టుల అందరి ముందర ఏడ్చుకుంట వచ్చింది. వచ్చి చూస్తే మామ చేతుల జామపండ్ల సంచి పట్టుకొని నిలబడ్డడు. ఫోన్ ఎందుకు కలువలేదంటే మీటింగ్ ఉండె. ఆ వారం ఇంటికొచ్చి కాలు లోపల పెట్టకముందే మొదలుపెట్టింది.

"అమ్మా, నేను చచ్చిపోయిననుకున్నవా?"

"థూ థూ, అదేం మాటనే."

"నువ్వు చచ్చినవని నేను ఏడ్చిన. తొమ్మిది ఫ్లోర్లు ఏడ్చిన. ఎప్పుడన్న ఏడ్చినవా నువ్వు గట్ల?"

రోజూ, అని చెప్పాలనుకున్నది. బిడ్డ ఆమె కుడి చెయ్యి పట్టి తన తల మీద పెట్టుకున్నది. "నా మీద ఒట్టు పెట్టు. ఫోన్ చెయ్యను, ఎవ్వర్ని పంపను, ఇంకొకరితోని అడిగియ్యను. ఆదివారం ఆదివారం నేనే చేస్తా." చెయ్యి బిడ్డ తల మీద ఉన్నది, తల వెచ్చగ ఉన్నది, తీద్దామంటే వర్షిత మణికట్టు గట్టిగ పట్టుకున్నది. నాగరాణి ఒట్టు పెట్టింది. ఎవలి మీద ఒట్టు పెడ్తే ఒట్టు తప్పినప్పుడు వాళ్లకే తాకుతది. ఇది ఉత్త మాట కాదు, సాక్ష్యం ఈ ఇంట్లనే తిరుగుతున్నది. నాయిన కల్లు ముట్టనని అన్న తల మీద ఒట్టేసిండు, రెండు నెలలు తిరగకముందే ముట్టిండు, ఆ ఎండకాలం రామచందర్ ఎడ్లబండి మీదకెల్లి పడ్డడు, ఎడమ కాలు విరిగింది. ఇప్పటికీ ఆ కాలు ఈడ్చుకుంటనే నడుస్తడు. ఇగో ఇప్పుడు గూడ తమలపాకుల పళ్లెం పట్టుకోని వంటింట్లకెల్లి వస్తున్నడు, ఒక అడుగు, ఒక ఈడ్పు, ఒక అడుగు, ఒక ఈడ్పు. అది చూసుకుంట ఫోన్ కొట్టాల్నా? బిడ్డ బాగుందో లేదో తెలుసుకునేతందుకు బిడ్డనే పణంగ పెట్టాల్నా? మొగడు ముందర అర్రల చుట్టాలతోని ముచ్చట పెడ్తున్నడు, ఏమయ్యా జర బిడ్డకు కొట్టు అంటే కొడ్తడు, నిమిషం పట్టదు. అది గూడ ఒట్టులనే ఉన్నది. ఇంకొకరితోని అడిగియ్యను. ఎంత తెలివైంది, అన్ని దర్వాజలు మూసింది. ఒక్క ఈ ఆట కిటికీ తనకు తెల్వకనే తెరిచి ఉంచింది.

మూడో ముత్తైదువ కూసున్నది. కోహీర్ చిన్నమ్మ. ఆమెకు ముచ్చట్లెక్కువ, ఒక్కొక్క దోసిటికి ఒక్కొక్క సంగతి చెప్పుకుంట పోస్తది. "మీ వర్షిత రాలేదా? మేనమామ ఇంట్ల తల్లికి ఒడిబియ్యం పోస్తుంటే బిడ్డ ఉండొద్దా?"

"డ్యూటీ ఉన్నది చిన్నమ్మా. సెలవియ్యలే."

"గంత చదివిచ్చినంక సెలవెక్కడ. ఫోనన్న చేసిందా పొద్దుగాల?"

"చేసింది" అన్నది నాగరాణి. ఆ అబద్ధం నోట్లకెల్లి జారినంక నాలుక మీద ఇనుము రుచి మిగిలింది. ఒడిల బియ్యం పోస్తుంటే బిడ్డ మీద అబద్ధం ఆడుడు మంచిదా? ఏమైతది? ఇప్పటికే అయిందేమో. పన్నెండుకు ఇంకా ఐదు నిమిషాలు. పన్నెండున్నరకు ఈ మాట మూసుకుంటది, కొత్త మాట వస్తది, ఆ ఆట ఏ దేశపోళ్లదో గని వాళ్ల అర్ధరాత్రి మనకు పట్టపగలు. పన్నెండున్నర లోపల నింపకుంటే ఆ మూడు వందల నలభై ఒకటి సున్న అయితది. సున్న అయితే కానీ, అంకెతోని ఏం పని. సున్న అంటే బిడ్డ రాలేదని. ఆట మూసేదాకా బిడ్డ రాలేదంటే ఇంక రాలేని చోట ఉన్నదని.

అందుకని మాట ఎతకడం మొదలుపెట్టింది. ఎందుకో ఆమెకే తెల్వదు. చేతులు కొంగుకు కట్టేసినట్టున్నయి, లేచేది లేదు, అడిగేది లేదు, కని తలకాయను ఎవలు కట్టేస్తరు. ఓ యూ ఎన్. ముందరొకటి, వెనకొకటి. ఐదు వేళ్లు కొంగు మడతల కింద ఒక్కొక్కటిగ ఒత్తుకుంట చూసింది, బొటనవేలు ఖాళీ, చూపుడువేలు ఓ, నడిమివేలు యూ, ఉంగరపువేలు ఎన్, చిటికెనవేలు ఖాళీ. ఇంగ్లీష్ సారు ఒకాయన ఉండె కోహీర్ల, బెత్తంతోని బల్ల కొట్టి స్పెల్లింగ్ చెప్పిచ్చేటోడు, ఆ బెత్తం భయానికి వచ్చిన మాటలే ఇప్పటికీ ఉన్నయి, ప్రేమతోని నేర్చుకున్నవన్నీ పోయినయి. గ్రౌండ్. జీ ఆర్ ఓ యూ ఎన్ డీ. ఆరైనయి, ఒక వేలు ఎక్కువ కావాలె. సౌండ్. సౌండు బాక్సుల మీద రాసుంటది, సరిగ్గ ఐదు. కని ఎస్ హౌస్‌లనే బూడిదైంది, ఆ అక్షరం చచ్చిపోయింది. చచ్చిపోయింది అనొద్దు. లేదు, అంతే. డీ అయితే చివరికి కుదురుతున్నది. డీ పెట్టుకుందాం. ఓ యూ ఎన్ డీ. ఇంక ముందరిదొక్కటే. ఏ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరం బొటనవేలికి తొడిగి చూసింది, కొత్త గాజు తొడిగి చూసినట్టు. కొన్ని లోపలికే పోవు. కొన్ని పోతయి గని అది మాటనో కాదో ఎట్ల తెలుస్తది? ఆర్ తొడిగింది. రౌండ్. అది మాటనే. సంతోషమైంది. ఇంకా ముందరికి పోయింది, పోకుంటే బాగుండు. డబ్ల్యూ తొడిగింది.

డబ్ల్యూ ఓ యూ ఎన్ డీ. ఆ మాట ఆమె చదువుకున్నది కాదు, చూసింది. వర్షిత నాలుగో తరగతిల ఉన్నప్పుడు బడి మెట్ల మీదకెల్లి పడి కనుబొమ్మ చిట్లింది, ఎత్తుకోని దవాఖానకు ఉరికింది, పైట కొంగు మొత్తం తడిసింది. కట్లు కట్టే రూము ముందర కూసోపెట్టిన్రు. తలుపు మీద బోర్డు. పిల్లకు ఒక కన్ను రక్తంతోని మూసుకపోయింది, రెండో కంటితోని ఆ బోర్డు చూసి ఒక్కొక్క అక్షరం చదివింది, డబ్ల్యూ, ఓ, యూ, ఎన్, డీ, ఇదేం మాటనే అమ్మా? నాకు తెల్వది బిడ్డా. నర్సు నవ్వి చెప్పింది, ఊండ్ అంటరు దాన్ని, దెబ్బ అని. పిల్ల నాకు ఊండ్ అయింది, నాకు ఊండ్ అయింది అని అదొక కొత్త గౌను దొరికినట్టు అందరికీ చెప్పింది. కుట్లు మూడు. ఇప్పటికీ ఆ కనుబొమ్మ నడిమిట్ల వెంట్రుకలు మొలవవు. అదే మాట ఇప్పుడు ఐదు గడుల్ల సక్కగ కూసున్నది, ఓ తన జాగల, యూ తన జాగల, ఎన్ తన జాగల. ఎంత సక్కగ కుదిరింది. దాసిపెట్టిన మాట అదేనా? బిడ్డకు గూడ ఆ మాటే మతికొచ్చి చెయ్యి ఆగిపోయిందా? కాదు, ఆ మాట అక్కడ బస్సుల జరిగి, ఇక్కడ గడుల్ల రాయనీకి ఎవ్వరు లేరా? వద్దు. ఆ మాట వద్దు. ఒడిల పసుపు బియ్యం పెట్టుకోని ఆ మాట తలకాయలకు గూడ రావొద్దు.

నాలుగో ఆమె పోస్తుండంగ ఫోన్ గంట కొట్టినట్టు మోగింది. ఒక్కసారే. నాగరాణి ఒళ్లంత ఉలిక్కిపడ్డది, రెండు ఖర్జూరాలు దొర్లి కింద పడ్డయి.

"అయ్యో అయ్యో, ఒడిలయి కింద పడొద్దే" అన్నది భాగీరథి. ఏరి మళ్లా ఒడిల వేసింది. "గా ఫోన్ ఇటియ్యి, నేను పెడ్త అర్రల."

"వద్దు వదినా! వద్దు. ఉండనీ."

గొంతు మరీ లేచింది. ఆడోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ముందర అర్రల సుదర్శన్ తలుపు కాడికొచ్చి తొంగిచూసిండు. "ఏమైంది?"

"ఏం కాలేదు అన్నా, మీ ఆమెకు ఫోన్ మీద ఫికర్ పడ్డది" అన్నది భాగీరథి.

"దాంట్ల ఏమున్నదో నాకే తెల్వది" అన్నడు సుదర్శన్. "పొద్దున లేస్తే గా గడులు చూసుకుంట కూసుంటది. లాటరీనో ఏమో. తగిలిన్నాడు నాకు చెప్తదేమో అని చూస్తున్న." నవ్వుకుంట పోయిండు. ఆయనకు తెల్వదు. ఆయన రాత్రి పండుకుంటడు, పొద్దున లేస్తడు, నడుమ ఏ బస్సులు బోల్తాపడవు.

మోగింది ఫోన్ కాదు, ఆట. ఇంక ఇరవై నిమిషాలే ఉన్నయని యాది చేస్తున్నది. బిడ్డ ఫోన్ల గూడ ఇట్లనే మోగి ఉంటది, ఫోన్ ఎక్కడున్నా మోగుతది, బ్యాగుల ఉన్నా, రోడ్డు మీద ఉన్నా, పోలీసుల టేబుల్ మీద ఉన్నా. నాలుగో ఆమె లేచింది. నారమ్మ మోకాళ్లు పట్టుకోని మెల్లగ లేస్తున్నది, ఆమె గోడ కాడికెల్లి పీట కాడికి రావాలంటే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలల్ల నాగరాణి తలల ఒక్కటే మాట గుండ్రంగ తిరిగింది. ఫోన్ చెయ్యనన్న. చేస్తలేను. ఎవ్వర్ని పంపనన్న. పంపుతలేను. అడిగియ్యనన్న. అడిగిస్తలేను. ఆట ఆడనని అన్నన్నా? అన్లే. ఒట్టుల ఆట లేదు. ఒక వరుస నింపితే బిడ్డకు కనవడ్తది. కనవడితే తెలుస్తది, ఈ ముసల్ది ఇన్నొద్దులు నా వెనక దొంగ లెక్క నిలబడి చూస్తున్నదని. కోపమొస్తది, మళ్లా ముట్టనియ్యదు, ఆదివారం గూడ చెయ్యదు. వస్తే రానీ కోపం. కోపం బతికున్నోళ్లకే వస్తది.

కొంగు రెండు అంచులు ఎడమచేతి గుప్పిట్ల ఇరికిచ్చుకున్నది. మూడు కిలోల దాకున్న బియ్యం ఎడమ మణికట్టు మీద పడి నరాలు గుంజినయి. కుడిచేతి చూపుడువేలు పసుపు, నెయ్యి. ఆర్ మీద ఒత్తింది. పడలేదు, జారి పక్కనున్న ఈ పడ్డది. తుడిపింది. చీర కుచ్చిళ్లకు వేలు రుద్ది మళ్లా ఒత్తింది. ఆర్ పడ్డది. ఓ. యూ. ఎన్. డీ. రౌండ్. గుండ్రం. రొట్టె గుండ్రం, గాజు గుండ్రం, పున్నమి చంద్రుడు గుండ్రం, ఎవ్వలికి చెడు చెయ్యని మాట. అది దాసిన మాట అయి ఉంటదని ఆమె అనుకోలేదు. బిడ్డ పేరు మీద రాస్తే బిడ్డకు తాకని మాట కావాలె, అంతే. నారమ్మ నీడ మీద పడ్డది. ఒత్తింది.

ఒక్కొక్క గడి తిరగబడ్డది. ఆర్ బూడిద. మిగిలిన నాలుగు పచ్చ. ఇప్పుడు సమజైంది ఏం చేసిందో. బిడ్డకు ఆరు అడుగుడులుంటే ఒకటి తాను తినేసింది. ఆఖరి మెతుకు తీసుకున్నట్టు తీసుకున్నది. ఇంక మూడే ఉన్నయి.

"ఇటు పట్టు కొంగు" అన్నది నారమ్మ. రెండు చేతులు మళ్లా కొంగుకు పోయినయి. మోకాళ్లు. భుజాలు. తల. నారమ్మ చేతులు వణుకుతయి, బియ్యం గింజలు నాగరాణి జుట్ల చిక్కుకున్నయి. ఒకటి. ఫోన్ల ఏం లేదు. మోకాళ్లు, భుజాలు, తల. రెండు. ఏం లేదు. ఏం ఉండదు. అక్కడ చూసేటోళ్లు ఎవ్వరు లేరు, ఖాళీ బావిల బొక్కెన ఏసిన నేను. మోకాళ్లు, భుజాలు, తలకు ఆనించినప్పుడు ఈసారి కండ్లు మూసుకోలేదు, పద్ధతి తప్పింది, తప్పితే తప్పింది, కండ్లు కిందికి తిప్పి చూసింది.

నాలుగో వరుసల ఎఫ్ ఉన్నది. ఫౌండ్. ఎఫ్ బూడిదైంది, మిగిలినయి పచ్చ.

ఆమె ఒత్తలేదు. ఆమె రెండు చేతులు ఇక్కడున్నయి, బియ్యం కింద. ఆ ఎఫ్ ఒత్తిన వేలు వేరే ఎక్కడనో ఉన్నది. ఉన్నది. నా తల్లీ ఉన్నది. బస్సుల కాదు, రోడ్డు మీద కాదు, దవాఖానల కాదు, వేలు ఆడుతున్నది, తలకాయ పనిచేస్తున్నది. నాగరాణికి మూడో దోసిలి ఎప్పుడు పడ్డదో తెల్వలేదు. ఐదో వరుస, పౌండ్. పీ బూడిద. ఎందుకట్ల తొందర, జర ఆలోచించు బిడ్డా, ఇంక ఒక్కటే ఉన్నది. నేను తినకుంటే ఇంకొకటి ఉండు. మూడు వందల నలభై ఒక్క రోజులు, నా వేలు వల్ల. ఆ డబ్ల్యూ ఉన్నది, అదేనేమో, అదైతే గూడ కానీ, రాయి, నేనేం అనుకోను. నారమ్మ నాలుగో దోసిలి పోసింది. ఆరో వరుస ఖాళీగ ఉన్నది, ఉన్నది, ఇంకా ఉన్నది. వర్షిత ఆలోచిస్తున్నది. కింది పెదవి పంటితోని గుంజుకుంట ఆలోచిస్తది అది, చిన్నప్పటి సంది అంతే, ఆ పెదవి గూడ కనవడ్డది నాగరాణికి.

ఎం. మౌండ్. ఐదూ పచ్చ.

ఆ మాట నాగరాణికి తెల్వదు. ఏ సబ్బు మీద లేదు, ఏ బోర్డు మీద లేదు, కోహీర్ సారు బెత్తం కింద గూడ ఎన్నడు రాలేదు. తెల్వని మాటను చూసుకుంట ఏడ్చింది. శబ్దం రాకుండ, ముక్కు ఎగబీల్చుకుంట, నీళ్లు బియ్యంల పడకుండ మొఖం పక్కకు తిప్పి.

"ఇగో, ఏడ్చింది" అన్నది నారమ్మ తృప్తిగ, ఐదో దోసిలి పోసుకుంట. "నేను చెప్పలే? ఒడి నిండుతుంటే అవ్వ యాదికి రాని ఆడిబిడ్డ ఉంటదా?"

భాగీరథి కండ్లు గూడ తడైనయి. "మా అత్త ఉంటే ఎంత సంబరపడు" అన్నది. వంటింటి తలుపు కాడ రామచందర్ పళ్లెం పట్టుకోని అటు తిరిగిండు.

అప్పుడు ఫోన్ల మెసేజ్ వచ్చింది. ఆట మీద కాదు, మామూలుగ, వర్షిత పేరుతోని. మూడో వరుస నువ్వేనా అమ్మా?

చెయ్యి తాకింది బిడ్డా, అని రాయొచ్చు. మీ నాయిన ఏదో ఒత్తిండు అని రాయొచ్చు. అటువంటివి ఆమెకు శానా వచ్చు, జీవితమంత అవే చెప్పింది, తిన్న అని, పండుకున్న అని, ఫికర్ లేదు అని. ఎడమ గుప్పిట్ల కొంగు, కుడి వేలికి పసుపు. నేనే, అని రాసింది. పంపింది.

ఎన్ని రోజుల సంది చూస్తున్నవ్?

నువ్వు పోయిన నాలుగో రోజు సంది.

అటు నుంచి ఇంకేం రాలేదు. ఆమె మళ్లా ఆట తెరిచి చూసింది, ఆ ఐదు పచ్చ గడులు ఇంకొక్కసారి చూద్దామని. గడులు లేవు. తెల్లటి తెర మీద పేరు అడుగుతున్నది, పేరు కింద పాస్‌వర్డ్ అడుగుతున్నది. బిడ్డ అటు నుంచి మూసేసింది. మూసేసిన చెయ్యి గూడ బిడ్డదే, బాగున్న చెయ్యే, నాగరాణి ఆ మాటను గట్టిగ పట్టుకున్నది. ఏడూ నలభైకి ఎందుకు ఆగిందో అడగలేదన్నది అప్పుడు మతికొచ్చింది. ఇంక అడగనీకి లేదు, ఒట్టు ఉండనే ఉన్నది.

"లే నాగరాణీ, ముడి వేసుకోని లే" అన్నది భాగీరథి, రెక్క పట్టి. "దేవుని ముందర మొక్కుదువు."

కొంగును నడుముకు చుట్టి ముడి వేసుకున్నది. లేచింది. తిమ్మిరెక్కిన కాళ్లు తనయి కావనిపించినయి. అందరు జరిగి దారిచ్చిన్రు. రేపు ఏడున్నర అయితది, ఎల్లుండి గూడ ఏడున్నర అయితది, ఆ టైముకు పొయ్యి మీది చాయ్ పొంగుతది, మొగడు పిలుస్తడు, క్యాలెండర్ల గడులు ఖాళీగ ఉంటయి. ఆ టైముల కండ్లు ఎక్కడ పెట్టుకోవాల్నో ఎవ్వరు చెప్పరు. రెండు చేతులతోని ఒడి కింద పట్టి, బియ్యం గింజ గూడ కింద రాలకుండ, నాగరాణి దేవుని అర్ర దిక్కు నడిచింది.